గోడ మీద ఎర్ర లేసుల బూట్లు

అమ్మానాన్నలు పెట్టిన పేరు అతనికి ఏ కాగితాల్లోనో ఉండే ఉంటుంది. ఊరు మాత్రం 'ఎల్లుండి' అనే పిలిచింది. బూట్లు బాగుచేసే మనిషి. నోరు తెరుచుకున్న బూటు పట్టుకుని ఎవరొచ్చినా దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, మడమ మీద బొటనవేలితో నొక్కి, వైద్యుడు నాడి చూసినంతసేపు చూసి, "ఎల్లుండి రండి" అనేవాడు. ఎల్లుండి వెళ్తే మళ్ళీ ఎల్లుండి. అలాగని పనిదొంగ కాదు. ఉన్నమాట చెప్పుకోవాలి, అతను వేసిన సోలు ఊడిందని ఎవరూ తిరిగి రాలేదు. చేతిలో ఉన్న జత మీద ప్రేమ ఎక్కువై, వరసలో ఉన్నవి వెనకపడేవి. కానీ వెనకపడ్డ వాడి అరికాలికి ఆ ప్రేమ ఏం తెలుస్తుంది?

దుకాణమని పేరే గానీ అది రెండు మేడల మధ్య మెట్ల కింద మిగిలిన గూడు. నిలబడితే తల కొట్టుకుంటుంది, కూర్చుంటే మోకాళ్ళు వీధిలోకొస్తాయి. ఒక బల్ల, బోర్లించిన పాదంలాంటి ఇనప అచ్చు, గమ్ము డబ్బా, తోలు పొడిచే ఆరెలు, మైనం పట్టించిన దారం ఉండలు. వెనక గోడకి మూడు అరలు: అయినవి, కావలసినవి, ఎవరూ తీసుకెళ్ళనివి. ఇరవై రెండేళ్ళప్పుడు పని నేర్చుకుందామని వచ్చి, పనితో పాటు పని నేర్పినాయన కూతుర్నీ, ఆయన మెట్ల కింది గూటినీ కూడా తీసేసుకున్నాడు. ఆ కూతురు ఇప్పటికీ అంటూనే ఉంటుంది, "మా నాన్న కూడా నన్ను ఎల్లుండి ఇస్తానని ఉంటే బాగుపడేదాన్ని" అని.

ముప్పై ఏళ్ళు వంగి కూర్చునేసరికి వీపు కొక్కెంలా తయారైంది. యాభై దాటగానే ఒంట్లోకి చక్కెర కూడా వచ్చి చేరింది. రోజూ నడవమన్నాడు డాక్టరు. "ఎల్లుండి నుంచి మొదలెడతానండి" అన్నాడు ఇతను. ఆ ఎల్లుండి రాలేదు గానీ పోస్టాయన వచ్చాడు.

పోస్టాయన ముప్పై నాలుగేళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి. సన్నగా పొడుగ్గా ఉండేవాడు, చెవులు మాత్రం ఇద్దరికి సరిపోయేవి. ఉద్యోగం అయిపోయాక కాళ్ళు ఇంట్లో నిలవలేదు. సంచీ లేకపోయినా పొద్దున్నే వీధులన్నీ తిరిగొచ్చేవాడు. అవి చాలక ఊరి వెనక కొండ పట్టాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. ఒక ఆదివారం పొద్దున ఎల్లుండి ఇంటి గడపలో నిలబడి, "ఒరేయ్, లే. నీ వీపు చూస్తుంటే నాకు నడుం నొప్పొస్తోంది" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

ఆ లాగడం పదకొండేళ్ళు సాగింది.

వీళ్ళిద్దరితో కలిపి కొండ మీద పరిగెత్తేవాళ్ళు ఏడుగురయ్యారు. అందరూ అరవైకి అటూ ఇటూ. లెక్కల టీచరమ్మకి అరవై ఎనిమిది. బళ్ళో పిల్లలు అయిపోయాక ఆవిడ పెత్తనం ఈ ముసలి పిల్లల మీదికి మళ్ళింది. ఆస్పత్రిలో చేసి చేసి ఎవరేం చెప్పినా ఆశ్చర్యపోవడం మానేసిన నర్సమ్మ ఒకావిడ. తన బన్నులకి తన పొట్టే ప్రకటనగా తిరిగే బేకరీ ఆయన. ఇంకా వియ్యంకులిద్దరు. ఒకాయన కూతుర్ని ఇంకొకాయన కొడుక్కి ఇచ్చారు కనుక మర్యాద కొద్దీ ఒకర్ని దాటి ఒకరు పరిగెత్తలేరు. పంతం కొద్దీ వెనకబడనూ లేరు. అందుకని పక్కపక్కనే ఎద్దుల జతలా వెళ్తూ, ఊపిరి మిగిలితే దానితో పోట్లాడుకునేవారు.

పరుగంటే చదునైన రోడ్డు మీద తెల్ల బనీనులేసుకుని చేసేది కాదు. వానాకాలంలో ఆ కొండదారి అంతా బురదే. పిక్కల దాకా దిగబడుతుంది, బూటు లోపలే ఉండిపోయి కాలు ఒక్కటే పైకొస్తుంది. దిగి వచ్చేసరికి ఎవరు ఎవరో పోల్చుకోవాలంటే గొంతు వినాలి. "ఈ వయసులో ఈ బురదేం ఖర్మమ్మా" అని దారిన పోయేవాళ్ళు అడిగితే, "ఇంట్లో కూర్చుంటే బురద లేకుండానే పోతాం నాయనా" అనేది టీచరమ్మ.

ఆవిడ పెట్టిన నియమాలు రెండు. కొండ సగం ఎక్కాక పశువులు దాటకుండా వేసిన ఇనప గేటొకటుంది. ముందొచ్చినవాళ్ళు అక్కడ ఆగాలి. చివరివాళ్ళు వచ్చి గేటు ముట్టుకోగానే తలుపు తీసి మళ్ళీ పరుగే. అంటే ముందొచ్చినవాడికి విశ్రాంతి, వెనకొచ్చినవాడికి చావు. మొదటి రెండేళ్ళూ ఆ చావు ఎల్లుండిదే.

"ఒక్క నిమిషం ఆగండి టీచరమ్మా, నేనూ మనిషినే!"

"నీకోసమే కదయ్యా ఇంతసేపూ ఆగాం. ఇంకెంత ఆగాలి?"

రెండోది కింద. కొండ మొదట్లో నీళ్ళ పంపుహౌసు, దాని ముందు కొళాయి, నడుమెత్తు గోడ. దిగినవాళ్ళు దిగినట్టు బూట్లు కడిగి, సోలు పైకి ఉండేలా గోడ మీద బోర్లించాలి. శిఖరం నుంచి దిగేటప్పుడు ఎవరి వేగం వాళ్ళది, ఎవరి దారి వాళ్ళది కనుక అందరూ చేరారో లేదో ఆ గోడే చెప్పాలి. టీచరమ్మ మనుషుల్ని లెక్కపెట్టేది కాదు. "మనుషులు ఒకడు టీ కొట్టుకి పోతాడు, ఒకడు చెట్టు చాటుకి పోతాడు. బూట్లు కదలవు" అనేది. ఏడు జతలుంటే అందరూ వచ్చినట్టు. గోడ మీద ఎవరి చోటు వాళ్ళదే. కొళాయి పక్కన మొదటి చోటు పోస్టాయనది. ఆయన బూట్లకి ఎర్ర లేసులు. "ముప్పై నాలుగేళ్ళు ఆ రంగు అన్నం పెట్టింది" అనేవాడు. ఆయన ఇల్లు పంపుహౌసు వెనక సందులోనే. శిఖరం నుంచి అడ్డంగా బండ మీదుగా దిగే దగ్గరి దారిలో అందరికన్నా ముందొచ్చి, బూట్లు కడిగి బోర్లించి, వట్టి కాళ్ళతో ఇంటికి పోయేవాడు. సాయంత్రం ఎప్పుడో వచ్చి ఎండిన బూట్లు పట్టుకెళ్ళేవాడు. అందుకని మనిషి లేకుండా ఆ ఎర్ర లేసులు కనిపించడం అందరికీ మామూలే.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. ఎర్ర లేసుల బూట్లకి అడుగు అరిగిపోయిందని పోస్టాయన వాటిని దుకాణంలో ఇచ్చాడు. ఇంట్లో అంతకంటే పాత జత ఉంటే తొడుక్కుని పరిగెత్తుతున్నాడు. దానికీ ఎర్ర లేసులే, సోలు మాత్రం అరచేతిలా నున్నగా ఉంది.

మొదటిసారి వచ్చి అడిగాడు. "ఎల్లుండిరా."

రెండోసారి వచ్చాడు. "మంచి పళ్ళున్న రబ్బరు తెప్పిస్తున్నానురా, బురదని కరిచి పట్టుకోవాలి. ఎల్లుండి."

మూడోసారి వచ్చి బల్ల మీద చెయ్యేసి, "ముప్పై నాలుగేళ్ళలో ఒక్క ఉత్తరం ఎల్లుండికి ఆపలేదురా నేను" అన్నాడు.

"ఉత్తరానికి గమ్ము ఆరక్కర్లేదు కదరా!"

నాలుగోసారి వచ్చి ఏమీ అడగలేదు. బల్ల ముందు నిలబడి, నున్నటి సోలు పైకెత్తి చూపించి వెళ్ళిపోయాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

శనివారం మధ్యాహ్నానికి బూట్లు అయ్యాయి. అతని చేతిలో అంత బాగా కుదిరిన జత ఇంకోటి లేదు. పాత సోలు చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, రెండు పూతలు గమ్ము రాసి, వేడి చూపించి అతికించి, అంచు చుట్టూ కుట్టు వేశాడు. ఆ గమ్ముకి ఒక రోజంతా తడి తగలకూడదు. ఆదివారం బురదలో తొడిగితే పాడవుతుంది. అయినా సంచీలో పెట్టుకు వెళ్ళాడు. పరుగయ్యాక చూపించి ఆశ్చర్యపెడదామని ముచ్చట.

పొద్దున కలవగానే పోస్టాయన అడగనే అడిగాడు. "తెచ్చావా?"

ముచ్చట పాడవుతుందని ఇతను మొహం దించి, "ఎల్లుండిరా" అన్నాడు.

పోస్టాయన నుదురు కొట్టుకున్నాడు. "నేను పోయాక నా పాదాలకి తొడుగు, సరేనా?"

"అప్పుడైతే తొందరేముంది? ఇంకో ఎల్లుండి ఆగొచ్చు."

అందరూ నవ్వారు. ఆ నవ్వుని తర్వాత ఎన్నిసార్లు మింగాడో అతనికే తెలుసు.

గేటు దగ్గరికి వచ్చేసరికి వాన. శిఖరం మీద పొగమంచు, పది అడుగుల దూరంలో మనిషి నీడలా ఉన్నాడు. బేకరీ ఆయన, వియ్యంకులు ముందే దిగిపోయారు. నర్సమ్మకి మోకాలు పట్టేస్తే టీచరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని చుట్టుదారిన నెమ్మదిగా నడిపిస్తోంది. ఎల్లుండి దిగబోతూ వెనక్కి చూస్తే పోస్టాయన రాయి మీద కూర్చుని బూటుకి పట్టిన బురద పుల్లతో గీకుతున్నాడు.

"పదరా."

"నువ్వు చుట్టూ తిరిగి రా. నేను బండ మీంచి దిగి నీకన్నా ముందుంటా."

"తడిగా ఉందిరా."

"అయితే బూట్లు ఇవ్వు!" అని నవ్వాడు పోస్టాయన.

ఇతను దారిలో టీచరమ్మనీ నర్సమ్మనీ దాటుకుని కిందికొచ్చాడు. ముందొచ్చిన ముగ్గురి బూట్లు గోడ మీదున్నాయి, మనుషులు టీ కొట్టు రేకు కింద ఇటు వీపు పెట్టి నిలబడ్డారు. కొళాయి పక్క చోటు ఖాళీ. ఇంకా దిగలేదన్నమాట, ఇదే అదను అనుకున్నాడు. వాన కాస్త తెరిపిచ్చి ఎండ పొడ తగిలింది. తన బూట్లు కడిగి తన చోట పెట్టాడు. సంచీలోంచి ఎర్ర లేసుల జత తీసి, కొత్త సోలు పైకి కనిపించేలా పోస్టాయన చోటులో బోర్లించాడు. లేసులు కూడా సర్ది పెట్టాడు. వాడొచ్చి చూసి నోరెళ్ళబెడుతుంటే చూడాలని ఉంది.

అప్పుడే ఫోను మోగింది. బస్సు డ్రైవరు. డ్యూటీ ఎక్కాలి, బూట్లు కావాలి, దుకాణం ముందు నిలబడి ఉన్నాను, ఇవాళ గనక మళ్ళీ ఎల్లుండి అంటే ఊరుకోను అని కేకలు. ఇతను రేకు కిందున్నవాళ్ళకి చెయ్యూపి, వట్టి కాళ్ళతోనే పరిగెత్తాడు. పోస్టాయన చోట బూట్లు పెట్టానన్న మాట చెయ్యూపుతో అందదు కదా. ఆ ఒక్క ముక్క ఎవరికీ చెప్పలేదు.

పావుగంటకి టీచరమ్మ, నర్సమ్మ దిగారు. బూట్లు కడుక్కున్నారు. మళ్ళీ వాన మొదలైంది. టీచరమ్మ గోడ పొడుగునా వేలు చూపించుకుంటూ నడిచింది. ఏడు జతలు.

"పోస్టాయన ఎప్పుడు దిగి పోయాడో దొంగలా" అంది. "సరే, పదండి." ఆవిడ లెక్క అయ్యాక ఇంకెవరూ గోడని పట్టించుకోరు, వానలో ఎవరి జత వాళ్ళు లాక్కుని పోయారు.

ఒంటిగంటకి పోస్టాయన భార్య టీచరమ్మకి ఫోను చేసింది. ఈయన ఇంకా రాలేదండీ అని. "వచ్చేశాడమ్మా, బూట్లు గోడ మీదున్నాయి. నా కళ్ళతో చూశాను. ఎక్కడో కబుర్లలో పడి ఉంటాడు" అంది టీచరమ్మ. ఆ మాట నమ్మి, గోడ దగ్గరికి కూడా వెళ్ళకుండా, ఆ ఇల్లాలు టీ కొట్లూ, పోస్టాఫీసు అరుగూ, పాత స్నేహితుల ఇళ్ళూ వెతుక్కుంటూ వానలో రెండు గంటలు తిరిగింది. కొండ వైపు చూడాలని ఎవరికీ తోచలేదు.

మూడింటికి ఎల్లుండి భార్య అన్నం డబ్బా పట్టుకుని దుకాణానికి వచ్చి, "పోస్టాయన కనపడటం లేదట" అంది.

అతని చేతిలో ఆరె బల్ల మీద పడింది. మాటైనా చెప్పకుండా పరిగెత్తాడు. పంపుహౌసు గోడ మీద మిగతావాళ్ళ బూట్లు పోయి, తన బూట్లూ కొళాయి పక్కన ఎర్ర లేసుల జతా మాత్రమే ఉన్నాయి. ఆ జత తను పెట్టినట్టే ఉంది. అంతా ఒక్కసారే అర్థమైంది. అప్పుడు అతను మొదట చేసిన పని కొండెక్కడం కాదు. ఆ ఎర్ర లేసుల జత తీసి, పొద్దున గోడ కింద వదిలేసిన సంచీలో కుక్కాడు. ఎందుకు చేశాడంటే చెప్పలేడు. చేతులు చేసేశాయి. ఆ తర్వాతే వియ్యంకులకి ఫోను చేసి, కొండెక్కాడు.

పోస్టాయన బండ కింద, రాళ్ళ మధ్య వాననీళ్ళు పారే చోట ఉన్నాడు. తొడ ఎముక విరిగింది. ఒళ్ళు మంచుముద్ద. పెదాలు నల్లబడ్డాయి. పిలిస్తే కళ్ళు తెరిచాడు.

"మీరు వస్తారని... లెక్కపెట్టుకుంటారు కదా అని..." అన్నాడు. ఇంకాసేపటికి, "బూట్లయ్యాయా?" అన్నాడు.

"అయ్యాయిరా. అయిపోయాయి. నీ బూట్లయిపోయాయిరా."

పోస్టాయన నవ్వబోయినట్టు పెదవి కదిలింది.

వియ్యంకులు వచ్చారు. ఆ రోజు ఒక్క మాట అనుకోకుండా ఇద్దరూ చెరో వైపు పట్టారు. ముగ్గురూ కలిసి దించేసరికి చీకటి పడుతోంది. మంగళవారం పొద్దున ఆస్పత్రిలో పోయాడు. మధ్యాహ్నానికైనా తెచ్చి ఉంటే బతికేవాడేమో అన్నాడు డాక్టరు. 'ఏమో' అన్నాడు గానీ, ఆ మాటని ఎవరూ వినిపించుకోలేదు.

పోస్టాయన ఇంటి ముందు జనం. "ఇతను గనక తిన్నగా కొండెక్కి ఉండకపోతే ఆ రెండు రోజులు కూడా దక్కేవి కాదు. స్నేహమంటే అది" అని ఎవరో అన్నారు. నలుగురు వచ్చి ఎల్లుండి చేతులు పట్టుకున్నారు. పోస్టాయన భార్య, "అన్నయ్యా, నీకు ఎలా తోచిందన్నయ్యా" అని భుజం మీద తల పెట్టి ఏడ్చింది. పోస్టాయన తమ్ముడు మాత్రం గుమ్మం వైపు చూస్తూ, అందరికీ వినపడేలా అన్నాడు: "లెక్కల టీచరట! జీవితమంతా ఊరి పిల్లలకి లెక్కలు చెప్పిందట. ఏడు లెక్కపెట్టడం రాలేదు."

టీచరమ్మ గుమ్మంలోనే ఉంది. లోపలికి రాబోతున్న కాలు అక్కడే ఆగింది. గొడుగు మడిచి, మళ్ళీ విప్పి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఎల్లుండి నోరు తెరిచాడు. ఇప్పుడు కాదు, ఈ ఏడుపుల మధ్య కాదు, రెండ్రోజులాగి చెబుదాం అనుకున్నాడు. అలవాటైన మనిషికి అదెంతసేపు!

రెండ్రోజులు పది రోజులయ్యాయి. పది రోజులు నెలయింది. ఆ సంచీ దుకాణంలో బల్ల కింద, కాళ్ళ దగ్గరే ఉంది. పని చేస్తుంటే మడమకి తగులుతుంది.

ఒకరోజు టీచరమ్మ వచ్చింది. ఎప్పుడూ వీధి చివర నుంచే కేకేసుకుంటూ వచ్చే మనిషి, వచ్చి నిలబడిందని కూడా తెలియలేదు. తన పరుగు బూట్లు బల్ల మీద పెట్టింది.

"ఏం చెయ్యాలి టీచరమ్మా? కుట్టు వదిలిందా?"

"ఏమీ వదల్లేదు. ఎవరికైనా సరిపోతే ఇచ్చెయ్యి. నేనిక రాను."

అతను బూటు చేతిలోకి తీసుకున్నాడు.

"మా అబ్బాయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడయ్యా. మతిమరుపు డాక్టరు" అంది ఆవిడ. "నూట్లోంచి ఏడేడు తీసేస్తూ పొమ్మన్నాడు. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది... రెండు దాకా గడగడా చెప్పేశాను. అన్నీ బాగున్నాయన్నాడు. మరి లేని బూట్లెలా కనపడ్డాయి డాక్టరుగారూ అంటే, ఈ వయసులో రోజూ చూసేదాన్ని లేకపోయినా ఉన్నట్టే చూస్తామన్నాడు. మా అబ్బాయి స్టవ్వు ముట్టుకోనివ్వడం లేదు. బజారుకి ఒక్కదాన్నీ పంపడు." గొంతు తగ్గించింది. "నాకు లేసులు కూడా కనపడ్డాయయ్యా. ఎర్రగా. విడిగా సర్ది పెట్టినట్టు. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా కనపడతాయి. ఒక మనిషిని కొండ మీద వదిలేసి, నా కళ్ళు నాకు ఎంత చక్కగా అబద్ధం చెప్పాయో చూడు."

సంచీ అతని మడమకి ఆనుకునే ఉంది. వంగితే అందుతుంది.

"మీ బూట్లు ఇక్కడే ఉంచండి టీచరమ్మా" అన్నాడు. "ఎల్లుండి... ఎల్లుండి మాట్లాడదాం."

ఆవిడ తలూపింది. గూటి ముందు మెట్లు దిగుతూ పెదాలతో ఏదో అనుకుంటోంది. ఒకటి, రెండు, మూడు. మూడే మెట్లు. కిందికి దిగి, నమ్మకం లేక వెనక్కి తిరిగి మళ్ళీ చూసుకుని వెళ్ళింది.

ఆ సాయంత్రం దుకాణం ఊడవడానికి వచ్చిన భార్య సంచీ లాగింది. లోపల చూసింది. ఆవిడ కూడా బూట్లు కుట్టేవాడి కూతురే, ఎవరి జతో ఎప్పటి కుట్టో ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇవి ఆయనవి కాదూ?"

అతను బల్ల మీద కూర్చుని అంతా చెప్పాడు. ఆవిడ చీపురు పట్టుకుని నిలబడే వింది. విన్నాక సంచీ తీసి అతని ఒళ్ళో పెట్టింది.

"చచ్చిపోయినాయనకి నువ్వు చేసింది పొరపాటు" అంది. "బతికున్నావిడకి చేస్తున్నది పొరపాటు కాదు."

"చెబుతానే."

"ఎప్పుడు?"

అతను నోరు తెరిచాడు. ఆవిడ చీపురు నేలకేసి కొట్టింది. "ఆ మాట అన్నావంటే ఈ దుకాణం గడప తొక్కను."

ఆ ఆదివారమే మిగిలినవాళ్ళు మళ్ళీ కొండెక్కుదామనుకున్నారు. పోస్టాయన పోయాక మొదటిసారి. పరిగెత్తకపోయినా వచ్చి గోడ దగ్గర నిలబడమని నర్సమ్మ బతిమాలి టీచరమ్మని తీసుకొచ్చింది. పోస్టాయన భార్య కూడా సందులోంచి వచ్చి కొళాయి పక్కన నిలబడింది. ఎల్లుండి భుజాన సంచీ ఉంది. కింద పెట్టలేదు, దానితోనే పరిగెత్తాడు. బురద ఆ ఏడు ఎప్పుడూ లేనంత లోతుగా ఉంది. గేటు దగ్గర అతని కోసం ఆగినవాళ్ళు, "సంచీలో ఏముంది, రాళ్ళా?" అన్నారు. బండ పైన ఆగి ఒకసారి కిందికి చూశాడు. నీళ్ళు మామూలుగా పారుతున్నాయి.

అందరికన్నా చివర దిగాడు. గోడ మీద నాలుగు జతలున్నాయి. బేకరీ ఆయన వేలు చూపిస్తూ లెక్కపెట్టబోతున్నాడు, టీచరమ్మ మొహం పక్కకి తిప్పుకుని ఉంది. ఎల్లుండి తన బూట్లు కడిగి తన చోట పెట్టాడు. సంచీ విప్పాడు. ఎర్ర లేసుల జత తీసి కొళాయి పక్క చోటులో బోర్లించాడు. లేసులు విడిగా సర్దాడు.

"ఆ రోజు ఇవి నేను పెట్టాను" అన్నాడు. "వాడు దిగకముందే పెట్టాను. వాణ్ణి ఆశ్చర్యపెడదామని. తర్వాత తీసి దాచేశాను. టీచరమ్మ సరిగ్గానే లెక్కపెట్టింది."

వియ్యంకుల్లో ఒకాయన, "ఛీ" అన్నాడు. రెండో ఆయన ఎదురు చెప్పలేదు.

టీచరమ్మ గోడ దగ్గరికి వచ్చింది. వేలితో ఎర్ర లేసు ముట్టుకుంది.

"ఇలాగే పెట్టావా? మడమలు ఇటు?"

"ఇలాగే."

"లేసులు విడిగా ఇలా సర్ది?"

"అవును టీచరమ్మా."

"చూశాను" అంది ఆవిడ. "నేను చూశాను. ఏడే ఉన్నాయి." మళ్ళీ, "నేను చూశాను" అని, గోడ పట్టుకుని అక్కడే బురదలో కూర్చుండిపోయింది. నర్సమ్మ వచ్చి ఆవిడ వీపు రాస్తూ నిలబడింది. ఆవిడ ఏడ్చింది సంతోషంతో కాదు. మతి ఉందని తెలిసినా మనిషి లేడు కదా.

పోస్టాయన భార్య ఇంతసేపూ కదల్లేదు. ఇప్పుడు వచ్చి ఒక బూటు తీసి, కొత్త సోలు మీద చెయ్యి పెట్టింది. పళ్ళు బాగా లేచి ఉన్నాయి. ఒక్క అడుగు కూడా వెయ్యని సోలు.

"నాలుగుసార్లు తిరిగాడు నీ చుట్టూ" అంది. అన్నయ్యా అనలేదు. "అక్కడ దొరికినప్పుడు అడిగాడా వీటి గురించి?"

"అడిగాడు."

"అయ్యాయని చెప్పావా?"

"చెప్పాను."

"నమ్మాడా?"

నవ్వబోయినట్టు కదిలిన ఆ పెదవి నమ్మి కదిలిందో, ఇదీ ఎల్లుండి మాటేలే అని కదిలిందో అతనికి ఇప్పటికీ తెలియదు. ఆవిడ రెండు బూట్లూ కొంగులో చుట్టుకుని సందులోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అతన్ని ఎల్లుండి అని పిలవడం ఊరు మానేసింది. వేరే పేరూ పెట్టలేదు. బూటు తెచ్చినవాళ్ళు బల్ల మీద పెట్టి, "ఎప్పుడు?" అంటారు. "కూర్చోండి" అంటాడు. కూర్చోబెట్టి అప్పుడే చేసి ఇస్తాడు. కుట్టు మునుపటంత అందంగా రాదు.

మరుసటి ఆదివారం ఎవరూ పిలవకపోయినా వెళ్ళాడు. ఎవరూ పొమ్మనలేదు, రమ్మనలేదు. ముందు రోజే టీచరమ్మ బూట్లు నర్సమ్మ వచ్చి దుకాణంలోంచి తీసుకెళ్ళింది. అవి ఇప్పుడు టీచరమ్మ కాళ్ళకున్నాయి. పరుగు మొదలైంది. దగ్గరగా వెళ్ళడానికి మొహం చెల్లక అతను కావాలనే వెనకబడ్డాడు. బురద లాగేస్తోంది, ఊపిరి అందడం లేదు, పొగమంచులో ముందువాళ్ళ వీపులు కూడా కనిపించడం మానేశాయి. ఈపాటికి గేటు దాటి వెళ్ళిపోయి ఉంటారనుకున్నాడు.

గేటు దగ్గర అయిదుగురూ వానలో నిలబడి ఉన్నారు. టీచరమ్మ ఇప్పుడు బూట్లు కాదు, మనుషుల్ని లెక్కపెడుతోంది. ఒక్కొక్కరి భుజం మీద చెయ్యేసి, పైకి చెబుతూ. ఒకటి, రెండు, మూడు, నాలుగు, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని అయిదు. అక్కడ ఆగింది. దారి వైపు చూస్తూ అలాగే ఆగింది. అతను వచ్చి, రొప్పుతూ ఇనప కడ్డీ ముట్టుకున్నాడు. ఆవిడ అతని మొహం చూడలేదు. భుజం మీద చెయ్యీ వెయ్యలేదు.

"ఆరు" అని గేటు తీసింది.

ఆగమని అతను అడగలేదు. వాళ్ళ వెనకే పరిగెత్తాడు.